బూటు బిగుతై కాదు, వదులైతేనే నొప్పి!

మొన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్ టింగ్‌మంది. చూస్తే ఒక ఫొటో. ఎర్రగా కందిపోయిన పాదం, నల్లబడిన బొటనవేలి గోరు. కింద మెసేజ్: ‘‘అన్నా, మీ కాలమ్ చదివే కార్వింగ్ మొదలుపెట్టా. సెకండ్ హ్యాండ్‌లో హార్డ్ బూట్లు కొన్నా. రెండు రన్‌లకే కాళ్లు చచ్చుబడిపోయాయి. లిఫ్ట్‌లో కూర్చున్నంతసేపూ కళ్లల్లో నీళ్లే. అందరికీ ఇంతేనా? భరించాలా, అమ్మేయాలా?’’

రెండూ వద్దు తమ్ముడూ.

నీ ఫొటో చూడగానే నాలుగేళ్ల కిందటి నా కాలే గుర్తొచ్చింది. అదే గోరు, అదే నలుపు. అందుకే ఈ వారం టెక్నిక్ పాఠం లేదు, కొత్త బోర్డుల ముచ్చట్లు లేవు. కాలమ్ మొత్తం కాళ్లకే.

అసలీ ప్లాస్టిక్ బూట్లెందుకు?

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. గుల్మార్గ్‌లోనో మనాలిలోనో స్నోబోర్డ్ అద్దెకి తీసుకుంటే మెత్తటి బూట్లిస్తారు, పైన పట్టీలుంటాయి. పొడి మంచులో తేలడానికి, గెంతడానికి అవి సూపర్. కార్వింగ్ వేరే ఆట. ఇక్కడ బోర్డు పక్కకి జారకూడదు. అంచు మీద నిలబడి, కత్తితో గీసినట్టు మంచులో సన్నటి గీత గీస్తూ తిరగాలి. వెనక్కి తిరిగి చూస్తే చీపురుతో ఊడ్చినట్టు కాదు, పెన్సిల్‌తో గీసినట్టు ఉండాలి.

లెక్క కూడా సింపులే. బోర్డు పక్క అంచుకి ఒక వంపు ఉంటుంది, దాన్ని సైడ్‌కట్ అంటారు. 12 మీటర్ల సైడ్‌కట్ ఉన్న బోర్డుని 60 డిగ్రీలు వాలిస్తే, గట్టి మంచు మీద అది దాదాపు 6 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతుంది. ఎంత వాలిస్తే అంత బిగువైన మలుపు. అంతలా వాల్చాలంటే మోకాలు కదిలిన క్షణంలోనే ఆ కదలిక అంచుకి చేరాలి. మెత్తటి బూటు మధ్యలో కొంత మింగేస్తుంది. హార్డ్ బూటు మింగదు. స్కీ బూటులా ప్లాస్టిక్ షెల్, లోపల మెత్తటి లైనర్, బయట బకిల్స్. కింద పట్టీలకి బదులు ప్లేట్ బైండింగ్. దానికుండే లోహపు కడ్డీలు బూటుని ముందూ వెనకా పట్టేస్తాయి.

ఒలింపిక్స్‌లో ప్యారలల్ జెయింట్ స్లాలమ్ చూసి ఉంటే అర్థమైపోతుంది. చెక్ అమ్మాయి ఎస్తర్ లెడెట్స్కా 2018 ప్యాంగ్‌చాంగ్‌లో స్కీ మీద సూపర్-జిలో, స్నోబోర్డ్ మీద ఈ ఈవెంట్‌లో, రెండింటా గోల్డ్ కొట్టింది. ఆ రేసు క్లిప్ మళ్లీ చూడండి. ఈసారి మొహం కాదు, కాళ్లు చూడండి. అవే హార్డ్ బూట్లు.

మరి అంత గట్టి ప్లాస్టిక్‌లో కాలు పెడితే నొప్పి మామూలే కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. అక్కడే తప్పులో కాలేశా.

నా సైజు కథ

మాది ఖమ్మం దగ్గర. పదో తరగతి వరకూ స్కూల్ బూట్లు తప్ప మిగతా జీవితమంతా హవాయి చెప్పులు, లేదంటే ఒట్టి కాళ్లు. డెన్వర్ వచ్చాక, మంచు మీద పిచ్చి పట్టాక, వాడేసిన బూట్లు అమ్మే ఓ షాపుకెళ్లా. అక్కడి కుర్రాడు నా కాలు చూసి ‘‘వెడల్పెక్కువ, ఓ సైజు పెద్దది తీసుకో’’ అన్నాడు. మామూలు షూ సైజు అడిగాడు, యూఎస్ 10 అన్నా. చేతిలో 28.5 పెట్టాడు. కాలు పెట్టగానే సోఫాలో కూర్చున్నంత హాయి. ఎగిరి గంతేసి డబ్బులిచ్చేశా.

కొండ మీద ఆ హాయి గంట కూడా నిలవలేదు. ప్రతి మలుపులో మడమ పైకి లేస్తోంది. పాదం ముందుకి జారి వేళ్లు ప్లాస్టిక్‌కి గుద్దుకుంటున్నాయి. మరేం చేస్తాం? బకిల్ ఇంకో పన్ను బిగించా. కాస్సేపటికి ఇంకోటి. మధ్యాహ్నానికి పాదం పైభాగం మంట, వేళ్లు మొద్దు. ‘టైట్‌గా ఉంది కాబట్టి నొప్పి’ అనుకున్నా. నిజానికి జరుగుతున్నది పూర్తిగా రివర్స్.

బూటు వదులుగా ఉంది కాబట్టి నేను బకిల్స్‌తో పాదాన్ని తొక్కేస్తున్నా. పాదం పైభాగంలో చర్మం కిందే నరాలు, రక్తనాళాలు ఉంటాయి, వాటికి అడ్డుగా కండ పెద్దగా లేదు. అక్కడ నొక్కితే వేళ్లు మొద్దుబారక ఏమవుతాయి? మడమ కదలకుండా ఉంటే అసలా బకిల్ అంత బిగించే పనే లేదు.

ఇదీ నేను మూడు నెలలు, ఒక గోరు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. గోరు పోతే పోయింది, మళ్లీ వచ్చింది. కానీ ఆ సీజన్‌లోనే ఒకరోజు లవ్‌లాండ్‌లో బోర్డుని బాగా వాల్చినప్పుడు, ఆ పెద్ద బూటు ముందు కొస మంచుకి తగిలి అంచు లేచిపోయింది. పడ్డా. మణికట్టు బెణికింది. నెల రోజులు ఎడమ చేత్తో టైపింగ్. బూటు సైజు నొప్పికి సంబంధించిన సంగతి మాత్రమే కాదని అప్పుడు తెలిసింది. కార్వింగ్ బోర్డు నడుం వెడల్పు సాధారణంగా 18 నుంచి 21 సెంటీమీటర్లే. మామూలు బోర్డుకైతే 25 దాకా ఉంటుంది. అంత సన్నటి బోర్డు మీద బూటు ఎంత పొడుగైతే అంత బయటికి తన్నుకొస్తుంది.

ముందు టేపు, తర్వాత షాపు

ఈ బూట్ల సైజుని మోండో అంటారు. పేరుకి కంగారు పడొద్దు, పాదం పొడవు సెంటీమీటర్లలో, అంతే. నేల మీద ఓ తెల్ల కాగితం, మడమ గోడకి ఆనించి, బరువు మొత్తం ఆ కాలి మీద వేసి నిలబడండి. అన్నిటికంటే పొడుగు వేలి దగ్గర గీత పెట్టించుకోండి. అందరికీ బొటనవేలే పొడుగని లేదు, చూసుకోండి. రెండు కాళ్లూ కొలవాలి, ఎందుకంటే చాలామందికి తేడా ఉంటుంది.

నాది కొలిస్తే 27. షాపులో ఇచ్చింది 28.5. ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా! మామూలు షూస్‌లో మనమంతా తెలియకుండానే పెద్ద సైజు వేసుకుంటాం. షూ సైజు చెప్పి హార్డ్ బూట్ కొంటే మోసపోయేది అక్కడే.

తర్వాతది షెల్ చెక్. ఇది మాత్రం మర్చిపోవద్దు. బూటులోంచి లైనర్ బయటికి లాగేయండి. ఒట్టి షెల్‌లో కాలు పెట్టి, వేళ్లు ముందు గోడకి ఊరికే తగిలేలా నిలబడి, కొద్దిగా మోకాలు వంచండి. ఇప్పుడు మడమ వెనక ఎంత ఖాళీ ఉందో వేళ్లు దూర్చి చూడండి. ఒక వేలు నుంచి రెండు వేళ్ల లోపు, అంటే సుమారు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల మధ్యలో ఉంటే మీ సైజు. మూడు వేళ్లు హాయిగా దూరాయా? ఆ బూటు మీది కాదు, ఎంత చవకైనా సరే. ఇంకో సంగతి, చాలా కంపెనీల్లో 27కీ 27.5కీ షెల్ ఒకటే, లోపలి లైనరో అట్టో మాత్రమే మారుతుంది. అర సైజు కోసం తల బద్దలు కొట్టుకోకండి.

లైనర్‌తో కలిపి వేసుకున్నప్పుడు ఎలా ఉండాలి? నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి. మోకాళ్లు ముందుకి వంచితే మడమ వెనక్కి వెళ్లి, వేళ్లు కాస్త ఊపిరి పీల్చుకోవాలి. గట్టిగా చేతులు కలిపినప్పుడు ఉంటుందే, అలాంటి పట్టు అన్ని వైపులా ఉండాలి. పట్టు అంతటా ఉంటే మంచిదే. ఒకే చోట సూదిలా పొడిస్తే అది మాత్రం సమస్య. దానికీ మందుంది, వస్తున్నా.

మన పాదాలు వెడల్పే, అయితే ఏంటి?

ఆ షాపు కుర్రాడు ఒక్క మాట మాత్రం నిజం చెప్పాడు, నా పాదం వెడల్పే. నాదొక్కడిదే కాదు. 2009లో బెల్జియం పరిశోధకులు దక్షిణ భారతదేశంలో జీవితమంతా చెప్పుల్లేకుండా నడిచిన వాళ్ల పాదాల్ని, బూట్లకి అలవాటుపడ్డ పాదాల్ని కొలిచి పోల్చారు. ఒట్టి కాళ్లతో నడిచేవాళ్ల పాదాలు వెడల్పుగా ఉన్నాయి, నడిచేటప్పుడు ఒత్తిడి కూడా అరికాలంతా మరింత సమానంగా పంచుకుంటోంది. అంటే మన కాళ్లలో లోపమేం లేదు. వేళ్లు విప్పుకుని ఎదిగిన కాళ్లవి. సన్నటి బూటు అచ్చు వాటి కోసం చేసింది కాదు, అంతే.

వెడల్పుకి పరిష్కారం పొడవు పెంచడం కాదు. నడుం దగ్గర ప్యాంటు బిగుతైతే పొడుగు ప్యాంటు కొంటామా? పొడవు సరైనది తీసుకుని, వెడల్పు చేయించుకోవాలి. ప్లాస్టిక్ షెల్ గొప్పతనమే అది. వేడి చేసి, లోపల్నుంచి చిన్న ప్రెస్‌తో నెడితే కావాల్సిన చోట ఉబ్బుతుంది. దీన్ని పంచింగ్ అంటారు. కొన్నిచోట్ల లోపలి ప్లాస్టిక్‌ని కాస్త అరగదీస్తారు కూడా. స్కీ బూట్లు సరిచేసే ఫిట్టర్లే ఈ పని చేస్తారు. హార్డ్ బూట్లంటే కొత్తగా చూస్తారేమో, భయపడకండి. వాళ్లకి ప్లాస్టిక్ ప్లాస్టిక్కే.

ఎక్కడ ఉబ్బించాలో తెలుసుకునే చిట్కా ఒకటుంది, చూసి మా ఆవిడ పగలబడి నవ్వింది. నొప్పి పుట్టే ఎముక మీద లిప్‌స్టిక్ బొట్టు పెట్టుకుని, లైనర్ లేని షెల్‌లో కాలు దూర్చాలి. ప్లాస్టిక్ మీద ఎక్కడ ఎర్రగా అంటుకుందో అక్కడే ఫిట్టర్ పని. ఎక్కువమందికి మూడు చోట్లే గొడవ: చిటికెన వేలి మొదట్లో బయటికి పొడుచుకొచ్చే ఎముక, చీలమండ గుండు, అరికాలి వంపు పైన లోపలి వైపుండే ఎముక. నాకు మొదటిది. రెండు బూట్లకీ అక్కడ పంచ్ చేయించా. 27 షెల్‌లో అప్పట్నుంచీ బొటనవేలు నల్లబడలేదు.

కొత్తవి కొనే స్తోమత ఉంటే బ్రాండ్ల ఆకారం కూడా చూసుకోండి. డీలక్స్ కాస్త విశాలమనీ, యూపీజెడ్ మడమని గట్టిగా పట్టుకుంటుందనీ కార్వర్లలో పేరు. మౌంటెన్ స్లోప్ వాళ్లవీ ఉన్నాయి. ఎవరో పొగిడారని కొనొద్దు. మీ కాలు ఏ షెల్‌లో కూర్చుంటే అదే మీ బ్రాండ్.

లోపలి సరుకు

ఫుట్‌బెడ్: బూటుతో వచ్చే అట్ట పేరుకే. నిలబడగానే అరికాలి వంపు కిందికి దిగి, పాదం కాస్త పొడుగూ వెడల్పూ అవుతుంది. ప్రతి మలుపులో ఇది జరుగుతుంటే కాలు అలిసిపోతుంది, వేళ్లు ముందుకి తగులుతాయి. వంపు కింద సరైన ఆసరా ఉన్న ఫుట్‌బెడ్ వేస్తే పాదం దాని ఆకారంలో అది ఉంటుంది. డబ్బులు తక్కువుంటే బోర్డు అప్‌గ్రేడ్ ఆపండి గానీ ఇది ఆపొద్దు.

లైనర్: ఇప్పటి లైనర్లు చాలావరకూ వేడి చేస్తే కాలి ఆకారానికి ఒదిగే ఫోమ్‌వి. ఫిట్టర్ వేళ్లకి చిన్న టోపీలాంటిది తొడిగి, ఎముకల మీద చిన్న ఫోమ్ ముక్కలు అంటించి, పైన పల్చటి సాక్స్ వేయిస్తాడు. అప్పుడు వేడి లైనర్‌లో కాలు పెట్టి, బకిల్స్ తేలిగ్గా వేసి, చల్లారే దాకా కదలకుండా నిలబడాలి. ఆ టోపీ, ముక్కలు తీసేశాక ఆ మేర ఖాళీ మిగులుతుంది. ఇంట్లో ఒవెన్‌లో పెట్టి ప్రయోగాలు చేయకండి, లైనర్ కాలితే మళ్లీ కొత్తదే.

సాక్స్: ఒక్క జతే, పల్చటిది. చలి కదా అని రెండు జతలు వేస్తే రక్తప్రసరణ తగ్గి ఇంకా చలేస్తుంది. లోపల వేసుకున్న థర్మల్ ప్యాంటు అంచు బూటులో దూర్చడం కూడా తప్పే. ఆ చిన్న మడతే మధ్యాహ్నానికి మోకాలి కింది ఎముక మీద కమిలిన గీతవుతుంది.

తొడగడం కూడా ఒక పనే

బూట్లని రాత్రంతా కారు డిక్కీలో వదిలేయకండి. చల్లబడ్డ ప్లాస్టిక్ రాయిలా అవుతుంది, తొడిగేటప్పుడే సగం ప్రాణం పోతుంది. ఇంట్లో ఉంచి, కార్లో మీ కాళ్ల దగ్గర హీటర్ తగిలేలా తీసుకెళ్లండి. డెన్వర్ నుంచి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ పక్కనున్న లవ్‌లాండ్ చేరేసరికి మెత్తబడి ఉంటాయి.

కాలు పెట్టాక మడమని నేలకేసి రెండుసార్లు తట్టండి. మోకాలు ముందుకి వంచి, పై బకిల్స్ ముందు వేయండి, మడమ వెనక గూట్లో కూర్చుంటుంది. తర్వాత చీలమండ ముందుండే బకిల్. వేళ్ల దగ్గరిది ఆఖర్న, ఊరికే తగిలిస్తే చాలు. ఒకటి రెండు రన్‌ల తర్వాత లైనర్ వేడెక్కి సర్దుకుంటుంది, అప్పుడు ఇంకో పన్ను బిగించండి. లిఫ్ట్‌లో కూర్చునేటప్పుడు వదులు చేసుకోండి, సిగ్గేం లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక లైనర్లు బయటికి తీసి ఆరబెట్టండి. సీజన్ అయిపోతే బకిల్స్ తేలిగ్గా వేసి దాచండి, షెల్ ఆకారం చెడదు.

కొత్త బూట్లైతే కొండెక్కే ముందు ఇంట్లో రోజూ అరగంట వేసుకుని, మోకాళ్లు వంచి నిలబడి ఓ సినిమా సగం చూడండి. నొప్పి ఎక్కడ మొదలవుతుందో ఇంట్లోనే తెలిసిపోతే ఓ లిఫ్ట్ టికెట్ మిగిలినట్టే.

నొప్పి బూటులోనే లేకపోవచ్చు

బూటు బాగానే ఉన్నా పిక్కలు పట్టేస్తున్నాయా? అప్పుడు బైండింగ్ చూడండి. మెత్తటి బూట్లతో ముందు కాలు 15 డిగ్రీలు, వెనక కాలు మైనస్ 15 పెట్టి తిరిగేవాళ్లం. కార్వింగ్‌లో రెండు కాళ్లూ ముందుకే, 50 నుంచి 65 డిగ్రీల మధ్య. బూటు కొసలు బోర్డు అంచులు దాటకుండా ఉండేంత కోణం పెట్టుకుంటే చాలు. అలా నిలబడినప్పుడు వెనక కాలి మడమ సహజంగానే లేవాలనుకుంటుంది. లేవనివ్వకపోతే ఆ బరువంతా పిక్క మీదా, ఎముక మీదా పడుతుంది. అందుకే వెనక మడమ కింద, ముందు కాలి వేళ్ల కింద వాలు ముక్కలు వేస్తారు. బూటు వెనక ఉండే మీటతో వెనక కాలికి ముందుకి వాలు కాస్త ఎక్కువ పెట్టుకోవచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి గట్టిగా చెప్తున్నా. ప్లాస్టిక్‌కీ వయసుంటుంది. బాగా పాత షెల్స్ పైకి మెరుస్తూనే ఉంటాయి, చలిలో బరువు పడగానే పగులుతాయి. బకిల్ మేకుల చుట్టూ, మడిచే జాయింట్ల దగ్గర సన్నటి వెంట్రుక గీతలు కనిపిస్తే వదిలేయండి. స్పీడ్‌లో ఉన్నప్పుడు బూటు పగిలిందంటే ఆ కాలికి బోర్డు మీద పట్టుండదు.

ఇంకొకటి, ఇది జోక్ కాదు. వేళ్లు తెల్లగా పాలిపోయి స్పర్శ పోతే ‘ఇంకొక్క రన్’ అనకండి, లోపలికెళ్లి బూటు విప్పేయండి. బూటు తీశాక కూడా మొద్దుతనం రోజుల తరబడి ఉంటే డాక్టర్ దగ్గరికెళ్లాల్సిందే. నొప్పి భరించడం మగతనం కాదు, నైపుణ్యం అంతకన్నా కాదు. నొప్పితో ఉన్న కాలు అంచుని నమ్మదు, నమ్మకపోతే వాలదు, వాలకపోతే కార్వింగే లేదు.

ఇదంతా క్లుప్తంగా ఆ తమ్ముడికి ఆ రాత్రే రాశా. ‘‘ముందు పాదం కొలిచి చెప్పు’’ అన్నా. అరగంట తర్వాత రిప్లై: ‘‘26 అన్నా. బూటు మీద చూస్తే 28 అనుంది. షెల్ చెక్ చేశా, మూడు వేళ్లు కాదు, చెయ్యే పట్టేలా ఉంది.’’ పక్కన రెండు ఏడుపు ఎమోజీలు.

ఆ బూట్లని మాత్రం అమ్మేయ్ తమ్ముడూ, 28 కాలున్న వాడికి. ఆటని అమ్మేయకు. నువ్వు వదిలేయాలనుకున్నది కార్వింగ్‌ని కాదు, వేరేవాడి బూటుని.

మీ కొలత, మీ బూటు సైజు కింద కామెంట్‌లో పెట్టండి. ఎంతమందిమి పెద్ద బూట్లలో ఈదుతున్నామో చూద్దాం. వచ్చే వారం: బోర్డు అంచు ఇంట్లోనే పదును పెట్టుకోవడం. వేళ్లు జాగ్రత్త!